ఖాళీ గిర్ని

ఫిబ్రవరి 12, 2008, మంగళవారం

డ్రమ్ము మొదలైంది.

పొద్దున్నే మా వంటింటి గోడ వణికింది. స్టాండులో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. పోయిన నవంబర్‌లో ఈ ఇంట్లో దిగినప్పుడు పక్క షెడ్డుకు తాళం వేసి ఉంది. గోడౌన్ అనుకున్నాం. కిరాయి తక్కువ, బస్ డిపో దగ్గర, ఓనర్ భూమేశ్వర్ నవ్వుముఖం మనిషి. ఇంకేం కావాలని సామాన్లు దించుకున్నాం. ఆ షెడ్డు కూడా భూమేశ్వర్‌దేనని, అందులో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము ఉందని, సీజన్ వచ్చేదాకా అది నిద్రపోయి తర్వాత మమ్మల్ని నిద్రపోనివ్వదని ఎవరూ చెప్పలేదు.

ఈయన నైట్ హాల్ట్ డ్యూటీ దిగి వచ్చాడు. ప్రభుదాస్ కండక్టర్ అంటే ఆర్మూర్‌లో అందరికీ తెలుసు, కానీ ప్రభుదాస్ నిద్ర సంగతి నాకే తెలుసు. రాత్రి భీమ్‌గల్‌లో బస్సులోనే దోమలతో పడుకుంటాడు. అసలు నిద్ర ఇంటికొచ్చాక, పగలే. ఇవాళ పడుకున్నాడు, లేచాడు, మళ్లీ పడుకున్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఎండిన పసుపు కొమ్ములు ఇనుప డ్రమ్ములో దొర్లుతుంటే దూది ఏం చేస్తుంది పాపం. కరెంటు పోయింది, హమ్మయ్య అనుకునేలోపు జనరేటర్ వేశారు. పొగ నేరుగా మా కిటికీలోకి వచ్చింది.

ఫిబ్రవరి 20

బిందె మీద దుమ్ము, బైబిల్ మీద దుమ్ము, అన్నం మీద దుమ్ము. ఈయన బనీన్లు పెళ్లికొడుకు బట్టల్లా పచ్చగా ఉన్నాయి.

మార్చి 1, శనివారం

పోయిన వారం డిపోలో బీపీ చూశారట. చాలా ఎక్కువుందట. రోజూ పొద్దున్నే నడవమన్నారట, మంచిగా నిద్రపొమ్మన్నారట.

ఎక్కడ నడవాలి? గల్లీ దాటితే మెయిన్ రోడ్డు. ఫుట్‌పాత్ మీద కొబ్బరికాయల బండ్లు, వాటి పక్కనుంచి లారీలు. కాలనీకి ఉన్న ఒక్క ఖాళీ జాగాలో భూమేశ్వర్ పసుపు ఆరబోశాడు. ఈయన దాని అంచున రెండు చుట్లు తిరిగాడట. కాపలావాడు కొమ్ములు తొక్కకు సారూ అని కేకేశాడట. మర్నాటి నుంచి వెళ్లడం లేదు. ఈయనకు ఎవరితోనూ కొట్లాట చేతకాదు. ఆ డిపార్ట్‌మెంట్ మా ఇంట్లో నాది.

మార్చి 8, శనివారం. నిజామాబాద్, దవాఖాన వరండా

ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. గంటలో లేచి కూర్చుని ఎడమ చెయ్యి గుంజుతోందన్నాడు. ఒళ్లంతా చెమట. నేను గల్లీ చివరికి పరుగెత్తి ఆటో తెచ్చాను. గల్లీలో షెడ్డు ముందు పసుపు బస్తాల లారీ అడ్డం నిలబెట్టి ఉంది. ఆటో లోపలికి రాదు. షెడ్డులోకి పోయి లారీ తియ్యండని అరిచాను. డ్రమ్ము తిరుగుతోంది. ఎవరికీ వినిపించలేదు. చేతులు ఊపాను. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని, నవ్వి, వాళ్లు కూడా చేతులు ఊపారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, స్విచ్ ఆపి ఏమైందమ్మా అని అడగలేదు.

ఈయన్ను నేనూ ఆటో అతనూ చెరో రెక్క పట్టుకుని గల్లీ దాటించాం. గుండెనొప్పి వచ్చిన మనిషి నడిచాడు. నడవమన్నారుగా డిపోలో, అదే అనుకున్నాను, ఏడుస్తూ.

ఆ నవ్వులు మర్చిపోను.

మార్చి 10

బతికాడు.

డాక్టర్ ప్రశ్నలు వేశాడు. సిగరెట్? లేదు. మందు? క్రిస్మస్‌కు కూడా ముట్టడు. షుగర్? లేదు. వాళ్ల నాన్నకు, అన్నదమ్ములకు? లేదు. పెన్ను పక్కన పెట్టి, మరి మీ ఇంటి పక్కన ఏముంది, అని అడిగాడు. చెప్పాను. డ్రమ్ము, జనరేటర్, లారీలు, నడవడానికి జాగా లేకపోవడం, అంతా ఏకరువు పెట్టాను. తల ఊపాడు. మందులు రాస్తాను గానీ ఆ ఇంట్లో ఉంటే నా మందులు సగమే పనిచేస్తాయి, అన్నాడు. నిద్రలో కూడా చప్పుడు వింటూ ఉండే గుండెకు రెస్టే ఉండదట, మనిషి పడుకున్నా అది పరుగెత్తుతూనే ఉంటుందట. పొగ, దుమ్ము దానికి తోడట. కంప్లైంట్ ఇవ్వండి, అలాంటివాళ్లను ఊరికే వదలొద్దు, అన్నాడు.

వదలను డాక్టర్ గారూ.

మార్చి 17, సోమవారం

మున్సిపాలిటీకి వెళ్లాను. సీజన్ రెండు నెలలే గద మేడం, ఊరంత గిదే బతుకు, అన్నాడు క్లర్కు. కాగితం తీసుకుని ఫ్యాను కింద పెట్టాడు. అది నా ముందే ఎగిరిపోయింది.

అక్కడి నుంచి తిన్నగా భూమేశ్వర్ దగ్గరికి. షెడ్డులో లేడు, ఇంటి దగ్గర ఉన్నాడన్నారు. పెర్కిట్ వైపు ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గల్లీలోకి తిరగగానే చెవులు మూసుకుపోయినట్టయింది. చప్పుడే లేదు. వేపచెట్లు. సిద్ధులగుట్ట స్పష్టంగా కనిపిస్తోంది. అరుగు మీద వాళ్ల అమ్మ లసుమవ్వ చింతపండు గింజలు తీస్తోంది. ఇంత చల్లని గల్లీ ఈ ఊళ్లో ఉందని నాకు తెలీదు. తన డ్రమ్ము పక్కన మమ్మల్ని పడుకోబెట్టి తాను ఇక్కడ పడుకుంటున్నాడు.

మర్యాదగానే మాట్లాడాడు. దానికే ఒళ్లు మండింది. ధందా అన్నంక చప్పుడు గాదా అక్కా, రేపు నువ్వు నా ఇంటి పక్కపొంటి పిండి గిర్ని పెట్టినా నేనేమన్న అంటనా, జర ఓర్సుకోవాలె, అన్నాడు. ఈయనకు పండ్లు కూడా ఇచ్చి పంపాడు.

పండ్లు బస్టాండ్ దగ్గర ఆవుకు పెట్టాను.

మార్చి 18

గిర్ని.

ఏప్రిల్ 9

దేవుడు నా పక్షాన ఉన్నాడు. చర్చిలో ఎస్తేరమ్మ అని ముసలావిడ, మెండోరలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు మాకు కిరాయికి ఇచ్చింది. ముందు రోడ్డు మీదికి షట్టర్ గది, వెనక రెండు గదులు. ఎక్కడో కాదు, పెర్కిట్ వైపు, వేపచెట్ల గల్లీలో. ముందు గది గోడకు అవతల భూమేశ్వర్ పడకగది.

ఈయన ఇల్లు చూసి మురిసిపోయాడు. ఎంత సల్లగున్నది కరుణా, అన్నాడు. పాత ఇంటి నుంచి సామాన్లు తెచ్చిన రోజు మధ్యాహ్నం పడుకుని దీపాలు పెట్టే వేళకు లేచాడు. నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. ముఖంలో ఎన్ని నెలల అలసటో కరిగిపోయింది.

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా అంటారు ఎవరైనా. ఆ చేతులు ఊపినవాళ్లను చూసి ఉంటే అనరు.

ఏప్రిల్ 28, సోమవారం

గిర్ని ఓపెనింగ్. ధర్పల్లిలో నడిపయ్య అనే ఆయన పాత మిషన్లు అమ్ముతుంటే తెచ్చాను. ఒకటి పిండికి, ఒకటి కారానికి. నేను పాఠాలు చెప్పే స్కూల్లో యూకేజీ పిల్లలకు సెలవులిచ్చాం, నేను కూడా శాశ్వతంగా సెలవు తీసుకున్నాను. ఈయన ఒద్దు కరుణా, ఇల్లు దొర్కింది, పానం మంచిగున్నది, గింతకన్న ఏంగావాలె, అన్నాడు. మీకు తెలీదు, మీరు పడుకోండి, అన్నాను. ఈయన గది వెనక ఉంది, మధ్యలో గోడలున్నాయి. అలవాటైపోతుంది.

పాస్టర్ గారు వచ్చి ఈ యంత్రం ఇరుగుపొరుగుకు దీవెనకరంగా ఉండాలని ప్రార్థన చేశారు. ఆమెన్ అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

మే 6

ఎండాకాలం, కారం సీజన్. గల్లీ నిండా మిర్చి బస్తాలు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఆడవాళ్లంతా నా దగ్గరికే. భూమేశ్వర్ ఇంట్లో దగ్గు మొదలైంది. మొదట వాడు, తర్వాత భార్య, తర్వాత లసుమవ్వ. ఒకరి తర్వాత ఒకరు, కోరస్‌లాగా. నేను ముఖానికి గుడ్డ కట్టుకుని వింటున్నాను. నాకు కూడా కళ్లు మండుతున్నాయి. మండనీ.

మే 18, ఆదివారం

గుడి నుంచి, అదే, చర్చి నుంచి వచ్చాను. ప్రసంగం క్షమాపణ గురించి. అన్నం తిని షట్టర్ తీశాను. ఆదివారం గిరాకీ ఉండదు. కానీ భూమేశ్వర్ ఆదివారం మధ్యాహ్నం పడుకుంటాడు.

గిర్ని తొట్టిలో గింజలు పోయకుండా తిప్పితే రాయి రాయిని రాసుకుని అరుస్తుంది. రాళ్లు అరిగిపోతాయి, ఎవరూ అలా తిప్పరు. నేను తిప్పాను. ఖాళీ గిర్ని. కాసేపటికి వాడు లుంగీ మీదే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను స్విచ్ ఆపి చాలా మర్యాదగా, ధందా అన్నాక చప్పుడు కాదా అన్నా, జర ఓర్చుకోవాలి, అన్నాను. నా జన్మలో ఇంత తియ్యని వాక్యం మాట్లాడలేదు.

మున్సిపాలిటీల రాస్త అన్నాడు. రాయి, నేను నీ డ్రమ్ము మీద రాస్తాను, నీ పసుపు జాగా మీద కూడా రాస్తాను, అన్నాను. నా గిర్ని మూయించాలంటే వాడు తన డ్రమ్ము మూసుకోవాలి. ఇద్దరం ఒకరి పీక ఒకరం పట్టుకుని నిలబడ్డాం. నాకు బాగానే ఉంది అలా నిలబడటం.

మే 19

ఈయన రాత్రి అన్నం తినలేదు. ఎండకు అనుకుంటా.

జూన్ 24

లసుమవ్వ గోధుమలు పట్టించుకోవడానికి వచ్చింది. కొడుకు వద్దన్నా వచ్చిందట. వరుసలో కూర్చుంది. తన వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. గల్లీ నిశ్శబ్దమైపోయింది. అప్పుడు చెప్పింది.

వాళ్లు మొదట ఉన్నది మేమున్న ఆ ఇంట్లోనేనట. షెడ్డు ఆమె మామ కట్టింది. వాళ్లాయన ఆ ఇంట్లోనే ఒక పాలిషింగ్ సీజన్‌లో గుండె పట్టుకుని పోయాడట. ఆ పొద్దు గూడ డ్రమ్ము తిర్గుతనే ఉన్నది బిడ్డా, నేను మొత్తుకుంటె ఎవ్వలికి ఇనవడలె, అంది. గందుకే మా భూమేశు గా ఇంట్ల ఒద్దని గీడికి తెచ్చిండు నన్ను, అంది.

కరెంటు వచ్చాక గోధుమలు పట్టాను. చెయ్యి తిరుగుతోంది గానీ లోపల మంట. వాడికి తెలుసు. ఆ ఇల్లు ఏం చేస్తుందో వాడికి తెలుసు. తన తల్లిని తీసుకుపోయి, అదే ఇంటికి సున్నం వేయించి, టు-లెట్ బోర్డు పెట్టి, నవ్వుతూ మాకు తాళం ఇచ్చాడు.

ఇప్పటిదాకా నాది కోపం. ఇవాళ్టి నుంచి అది వేరే.

జూన్ 25

పొద్దున నుంచి సాయంత్రం దాకా ఖాళీగా తిప్పాను.

జులై 15

ఈయన మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం లేదు. ఇప్పుడు పగటి డ్యూటీ ఇచ్చారు, రెండింటికల్లా దిగుతాడు. సాయంత్రం వస్తున్నాడు. ఎక్కడికంటే ఊరికే అట్ల పోయిన అంటాడు. ముఖం మాత్రం తేటగా ఉంటోంది. పేకాట అనుకోవాలా, ఇంకేదైనా అనుకోవాలా?

జులై 18, శుక్రవారం

వెనకాలే వెళ్లాను. ఏ ఆడదాని ఇంటికో పోయి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

పాత గల్లీకి పోయాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. షెడ్డు తలుపు తీశాడు. డ్రమ్ము షెడ్డు. సీజన్ అయిపోయింది, డ్రమ్ము ఆగి ఉంది, పనివాళ్లు లేరు. డ్రమ్ము పక్కనే నులక మంచం. దాని మీద దిండు, మా దిండే, నీలం గలీబుది. చొక్కా విప్పి మేకుకు తగిలించి పడుకున్నాడు. నేను తలుపు సందులోంచి చూస్తూ ఉండగానే గురక పెట్టాడు.

తాళంచెవి భూమేశ్వర్ ఇచ్చాడట. గల్లీలో ఒకరోజు ఈయన చెట్టు కింద కూర్చుని కునికిపాట్లు పడుతుంటే చూసి, షెడ్ల పండుకో అన్నా, గాడ జర సప్పుడుండది, అన్నాడట. వాడు కూడా అప్పుడప్పుడు వచ్చి అవతలి మంచం మీద పడుకుంటాడట! ఇద్దరూ ఆ డ్రమ్ముకు చెరో పక్క! నేను గోడకు గురిపెట్టి రోజంతా గిర్ని తిప్పుతుంటే వాళ్లిద్దరూ కలిసి నిద్రపోతున్నారు.

తాళంచెవి లాక్కున్నాను. భూమేశ్వర్ వాళ్ల వాకిట్లోకి విసిరేశాను. నిన్ను చంపబోయినవాడి మంచం మీద పడుకోవడానికి సిగ్గులేదా అని ఈయన్ను అడిగాను. నిద్రకు పగోడు గిట్ల ఉంటడా కరుణా, అన్నాడు. ఉంటాడన్నాను. మన ఇంట్లో మన మంచం ఉంది, రేపటి నుంచి అక్కడే పడుకోండి అన్నాను.

సరేనన్నాడు. అన్నిటికీ సరేనంటాడు.

ఆగస్టు 22

వెనక గదిలో పడుకుంటున్నాడు. కళ్లు మూసుకునే ఉంటాడు. మధ్యలో చూస్తే కనురెప్పలు కదులుతుంటాయి. దూది మళ్లీ పెట్టుకుంటున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

సెప్టెంబర్ 14

బీపీ మళ్లీ పెరిగిందట. మందు మార్చారు. ఈ మధ్య మందులు కూడా కల్తీ.

అక్టోబర్ 6, సోమవారం

రేపు సద్దుల బతుకమ్మ. గల్లీ ఆడవాళ్లంతా సత్తుపిండికి పెసర్లు, మక్కలు, నువ్వులు తెస్తున్నారు. ఒకావిడ కారం కూడా కావాలంది. రెండు మిషన్లూ తిరుగుతున్నాయి. మధ్యాహ్నం దాటాక లసుమవ్వ వచ్చింది.

షట్టర్ కింద నిలబడింది. నోరు కదులుతోంది. చేతులు ఊపుతోంది. ఇంటివైపు చూపిస్తోంది. చప్పుడు తగ్గించమని గోల పెడుతోంది అనుకున్నాను. కొడుకు పంపాడు, పండక్కి ముందు పెద్దావిడను ముందు పెట్టి రాజీకి వచ్చాడు అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది. మార్చి నుంచి ఎదురుచూస్తున్న నవ్వు అది. స్విచ్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కారం మిషన్‌లో ఇంకో చేట మిర్చి పోసి, నేను కూడా చెయ్యి ఊపాను.

ఆమె దగ్గుతూ, కొంగు అడ్డం పెట్టుకుంటూ ఇంకాసేపు నిలబడింది. తర్వాత పరుగెత్తింది. అంత వయసున్న మనిషి పరుగెత్తడం చూసి అప్పుడు ఆపాను.

ఈయన ఆమె అరుగు మీద పడి ఉన్నాడట. వెనక తలుపు నుంచి బయటికొచ్చి, కాసేపు కూర్చుంటానమ్మా అని అరుగెక్కి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడట. నేను వెళ్లేసరికి అరుగు ఖాళీ. భూమేశ్వర్ తన జీపులో వేసుకుని నిజామాబాద్ వెళ్లిపోయాడు. అరుగు కింద ఈయన చెప్పులు. పక్కన చెవిలోంచి జారిన దూది ఉండ.

అక్టోబర్ 7

అద్దం తలుపు అవతల ఉన్నాడు. బతుకుతాడో లేదో రేపటిదాకా చెప్పలేమన్నారు.

భూమేశ్వర్ నిన్నటి నుంచి బెంచీ చివర కూర్చునే ఉన్నాడు. తిట్టు, తిట్టరా, నీ గిర్నే చేసింది అను, అని మనసులో అరుస్తున్నాను. టీ తెచ్చి నా పక్కన పెట్టాడు. తాగాను.

లసుమవ్వ సాయంత్రం బస్సుకు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, నేను మస్తు పిల్సిన బిడ్డా, మిషిన్ల సప్పుడుకు నీకు ఇనవడలె గద, అంది.

అవును అవ్వా, వినబడలేదు, అన్నాను.

అక్టోబర్ 9, గురువారం. దసరా

కళ్లు తెరిచాడు.

అదే డాక్టర్. ఫైలు తిరగేశాడు. ఇల్లు మారారా? మారాం. మరి ఇప్పుడు ఇంటి పక్కన ఏముంది, అని అడిగాడు.

గిర్ని, అన్నాను.

పెన్ను బల్ల మీద పడేశాడు. ఒకటి వదిలించుకుని ఇంకొకటి తగిలించుకున్నారా, అన్నాడు. ఎప్పుడు తిరుగుతుందని అడిగాడు. రోజంతా. సీజన్ ఉంటుందా? లేదు, ఏడాదంతా. ఆదివారం? ఆదివారం కూడా. డాక్టర్‌కు నిజంగా కోపం వచ్చింది. ఎవరమ్మా వాళ్లు, మనుషులేనా, కంప్లైంట్ ఇవ్వలేదా, అన్నాడు.

ఇస్తాను సార్, అన్నాను. భూమేశ్వర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. గిర్ని ఎవరిదో వాడు చెప్పలేదు. అలా చెప్పకుండా ఉండి వాడు నన్ను కొట్టిన దెబ్బ నేను ఐదు నెలలు గిర్ని తిప్పి కూడా వాణ్ణి కొట్టలేకపోయాను.

అక్టోబర్ 20, సోమవారం

వాడికి రుణపడి ఉండటం నా వల్ల కాదు. ఈయన్ను కాపాడాడు, సరే. ఆ ఇంటి సంగతి తెలిసి తాళం ఇచ్చింది కూడా వాడే. పాత ఇంట్లో ఇప్పుడు ఇంకెవరో దిగారు, కిటికీకి పిల్లల లాగులు ఆరేసి ఉన్నాయి. ఫిబ్రవరిలో డ్రమ్ము మొదలవుతుంది.

మున్సిపాలిటీకి వెళ్లాను. ఈసారి కాగితం ఫ్యాను కింద పెట్టనివ్వలేదు, కమిషనర్ చేతికే ఇచ్చాను. ఇళ్ల మధ్య మిషన్లు నడుపుతున్నవాళ్లు ఇద్దరు. భూమేశ్వర్, పసుపు డ్రమ్ము, జనరేటర్, కాలనీ జాగా. కరుణశ్రీ, పిండి గిర్ని, కారం మిషన్. దవాఖాన కాగితాలు జత చేశాను, రెండు సార్లవీ.

క్లర్కు చదివి, గీ కరుణశ్రీ ఎవరు మేడం, అన్నాడు. నేనే. నీ మీద నువ్వే రాస్కుంటవా, అన్నాడు. లేకపోతే వాడు నా గిర్ని చూపించి తప్పించుకుంటాడు, అన్నాను. వాడి పీక మీద నా చెయ్యి ఉంది, నా పీక మీద వాడిది. నేనే నా పీక నొక్కుకుంటే వాడు ఇంక దేన్ని పట్టుకుంటాడు?

డిసెంబర్ 3

ఇద్దరికీ నోటీసు. భూమేశ్వర్ కాగితం పట్టుకుని వచ్చి, నీది గూడ పోతది గదా అక్కా, అన్నాడు. పోనీ, అన్నాను. అవ్వకు జెప్పకు, మా బాపు గాడ పోయిన సంగతి యాదిల వెట్టుకునే గా ఇల్లు మీకు కిరాయికిచ్చిన, అన్నాడు. ఎందుకన్నాడో తెలీదు. తల దించుకుని అన్నాడు. జాలి వస్తుందేమో అని చూశాను. రాలేదు.

జనవరి 27, 2009

గిర్ని ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. రాళ్లు ఎవరూ కొనలేదు, అంతగా అరిగిపోయాయి. వాకిట్లో పెట్టుకున్నాను.

డ్రమ్ము ఊరవతల మక్క చేలలోకి మారుతోంది. వాడికి మస్తు ఖర్చట. సంతోషం. పాత కాలనీ ఖాళీ జాగాలో ఈయన పొద్దున్నే నడుస్తున్నాడు. భూమేశ్వర్ కూడా వస్తున్నాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో నేను అడగను.

ఫిబ్రవరి 12, గురువారం, మధ్యాహ్నం

చప్పుడు లేదు. ఈయన నిద్రపోతున్నాడు. నమ్మకం లేక ఛాతీ మీద చెవి ఆనించాను.

తిరుగుతోంది.

ఈ గుండెను ఆపేవాళ్లను ఎవరినైనా వదలను. నన్నైనా సరే.